పైన్ చెట్టు రెజిన్ దిగుబడి: ఏది పెంచుతుంది, ఏది తగ్గిస్తుంది, గాటు ఎలా పెట్టాలి

ఒకే తోటలో పక్కపక్కనే పెరిగిన రెండు పైన్ చెట్లకు ఒకే రోజు, ఒకే మనిషి గాటు పెట్టినా, రెండు వారాల తర్వాత ఒకదాని డబ్బాలో 100 గ్రాముల రెజిన్ అనే జిగురు, ఇంకోదానిలో 300 గ్రాములు కనిపించడం మామూలే. దిగుబడి తగ్గగానే చాలామంది ముందుగా గాటుకు మందుగా పూసే ఆమ్లం గాఢత పెంచుతారు. నిజానికి అది అన్నిటికన్నా చివర చూడాల్సిన సంగతి. చెట్టు ఏ జాతిది, దాని కొమ్మల గుబురు ఎంత, గాటు ఎంత లోతు పడుతోంది, ఎన్ని రోజులకోసారి పడుతోంది, కారిన రెజిన్ డబ్బా దాకా చేరుతోందా అని వరసగా చూసుకుంటూ వస్తే, లోపం చాలావరకు ఆమ్లం దాకా రాకముందే దొరికిపోతుంది. కింద చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది.

రెజిన్ ఎక్కడుంటుంది, ఎందుకు కారుతుంది

రెజిన్ పైన్ చెట్టుకు రక్షణ. పురుగు బెరడు తొలిచినా, కొమ్మ విరిగినా ఆ చోటును ముంచెత్తి మూసేయడానికి చెట్టు దాన్ని నిల్వ పెట్టుకుంటుంది. కలపలో నిలువుగా సాగే సన్నని రెజిన్ నాళాలు ఉంటాయి. వాటిని కలుపుతూ, చెట్టు నడిమి నుంచి బెరడు వైపు వచ్చే అడ్డనాళాలు ఉంటాయి. ఈ నాళాల గోడల్లోని బతికున్న కణాలే రెజిన్‌ను తయారుచేసి లోపలికి వదులుతాయి. నాళంలో రెజిన్ వాతావరణ పీడనానికి కొన్ని రెట్ల ఒత్తిడిలో ఉంటుంది. గాటు పడగానే అది బయటికి తోసుకొచ్చేది ఆ ఒత్తిడి వల్లే.

బెరడు సరిగ్గా లేచిన చోట దీన్ని కళ్లారా చూడవచ్చు. నిమిషం తిరిగేసరికి తెల్లని కలప మీద సూదిమొనంత చుక్కలు ఒక్కొక్కటిగా లేస్తాయి. ఒక్కో చుక్కా ఒక అడ్డనాళం నోరు. కాసేపటికి చుక్కలన్నీ కలిసి బొట్లై జారతాయి. గాటు పెట్టే మనిషి ఆ చుక్కల ఒత్తు చూసి చెట్టు ఎలాంటిదో చాలావరకు చెప్పగలడు.

ఆ తర్వాత ప్రవాహం తగ్గుతూ పోతుంది. కారణాలు రెండు. నాళంలో ఒత్తిడి పడిపోతుంది. గాలి తగిలిన రెజిన్‌లోంచి టర్పెంటైన్ అనే తేలిక నూనె ఆవిరై, మిగిలిన రెజిన్ ఆమ్లాలు గడ్డకట్టి నాళాల నోళ్లు మూస్తాయి. మందు పూయని గాటులో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు రోజుల్లోనే కారిపోతుంది. మందు పూసిన గాటు రెండు వారాల దాకా కారుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి ఉంది, దిగుబడి లెక్క మొత్తం దాని మీదే నడుస్తుంది. గాయమైన చెట్టు కొత్తగా పెరిగే కలపలో అదనపు రెజిన్ నాళాలను వరసలు వరసలుగా కడుతుంది. గాయానికి పైభాగాన ఇవి ఎక్కువగా వస్తాయి. కట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే సీజన్ మొదటి రెండు మూడు గాట్లు తక్కువ ఇస్తాయి, తర్వాత పెరుగుతాయి. గాటును కింద నుంచి పైకి జరుపుతూ పోయే పద్ధతిలో ప్రతి కొత్త గాటూ ఈ కొత్త నాళాలున్న చోటే పడుతుంది. మొదటి గాటు తూకం చూసి చెట్టును వదిలేసేవాళ్లు ఈ పెరుగుదలను అందుకోకుండానే పోతారు.

మొదటి అడుగు: చెట్టును ఎంచుకోవడం

అన్ని పైన్లూ రెజిన్ ఇస్తాయి గానీ, తీయడానికి గిట్టుబాటయ్యేవి కొన్నే. బ్రెజిల్ తోటల్లో ఎక్కువగా స్లాష్ పైన్ అంటే పైనస్ ఎలియోటీ, దాంతోపాటు పైనస్ కరీబియా. చైనాలో పైనస్ మస్సోనియానా. ఇండొనేసియాలో పైనస్ మెర్కుసీ. పోర్చుగల్, స్పెయిన్, ఫ్రాన్స్ దేశాల్లో పైనస్ పినాస్టర్. గ్రీసులో పైనస్ హాలెపెన్సిస్. హిమాలయ పాదాల్లో చిర్ పైన్ అంటే పైనస్ రాక్స్‌బర్గీ. చెట్టుకు ఏడాదికి 3 నుంచి 4 కిలోలు వస్తే మంచి సగటు కిందే లెక్క. 2 కిలోల లోపు ఇచ్చే తోటలూ చాలానే ఉన్నాయి.

జాతి మారితే పరిమాణంతో పాటు సరుకూ మారుతుంది. మామూలు రెజిన్‌లో 70 నుంచి 75 శాతం రోజిన్ (టర్పెంటైన్ పోయాక మిగిలే గట్టి పదార్థం), 15 నుంచి 25 శాతం టర్పెంటైన్, మిగతాది నీరూ చెత్తా. స్లాష్ పైన్, పినాస్టర్ టర్పెంటైన్‌లో ఆల్ఫా, బీటా పైనీన్లు అనే రసాయనాలు ఎక్కువ. చిర్ పైన్ టర్పెంటైన్‌లో కారీన్ ఎక్కువ, అందుకే దానికి గిరాకీ తక్కువ. కాలిఫోర్నియా ప్రాంతపు జెఫ్రీ పైన్, గ్రే పైన్ల సంగతి వేరు. వాటి రెజిన్‌లోంచి వచ్చే ఆవిరి పదార్థం దాదాపు అంతా హెప్టేన్, పెట్రోలులా భగ్గుమంటుంది. వాటిని ఈ పనికి వాడకూడదు.

జాతి తర్వాత వంశం. రెజిన్ దిగుబడి బలంగా వారసత్వంగా వచ్చే గుణం. స్లాష్ పైన్‌లో ఎక్కువ ఇచ్చే చెట్లను ఏరి, వాటి మధ్య సంకరం చేసి పెంచిన మొక్కలు సాధారణ చెట్ల కంటే దాదాపు రెట్టింపు ఇచ్చాయి. కొత్తగా నాటేవాళ్లకు ఇంతకంటే లాభసాటి నిర్ణయం లేదు. ఎరువు, మందు, పనితనం అన్నీ కలిసినా విత్తనం ఇచ్చేంత తేడా ఇవ్వడం కష్టం. ఇప్పటికే ఉన్న తోటలో మంచి చెట్లను గుర్తించడానికి చిన్న పరీక్ష ఒకటి ఉంది. బెరడును 12 మి.మీ. వ్యాసమున్న గుండ్రని ఉలితో కాంబియం (బెరడుకూ కలపకూ మధ్య పెరిగే పొర) దాకా కొట్టి తీసేయాలి. ఆ రంధ్రానికి ముందే తూచిన చిన్న గొట్టం బిగించి, 24 గంటల తర్వాత మళ్లీ తూచాలి. అన్ని చెట్లకూ ఒకే రోజు, ఒకే ఎత్తులో, ఒకే వైపు చేస్తేనే ఆ అంకెలు పోల్చదగ్గవి.

ఇక కొలతలు. చెట్టు వ్యాసాన్ని నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో తీసుకోండి. తోటల్లో పెంచిన పైన్లకు 20 నుంచి 25 సెం.మీ., చిర్ పైన్‌కు 30 సెం.మీ. కనీస హద్దు. అంతకంటే సన్నని చెట్టుకు గాటు పెడితే రెజిన్ కొద్దిగానే వస్తుంది, చెట్టు ఎదుగుదలా ఆగుతుంది. ఆ రెండేళ్ల ఆత్రం తర్వాతి పదేళ్ల దిగుబడిని తినేస్తుంది.

ఒకే లావున్న రెండు చెట్లలో ఏది ఎక్కువ ఇస్తుందో పైకి చూస్తే తెలుస్తుంది. రెజిన్ తయారీకి కావలసిన కార్బన్ అంతా ఆకుల నుంచే రావాలి. పచ్చని కొమ్మల భాగం చెట్టు మొత్తం ఎత్తులో కనీసం మూడో వంతు ఉండాలి. సగం దాకా ఉంటే ఇంకా మంచిది. ఒత్తుగా నాటిన తోటలో చెట్లు వెలుతురు కోసం పోటీపడి సన్నగా, నెత్తిన పిడికెడు ఆకులతో పెరుగుతాయి. అలాంటి చోట ముందు పలచన చేయాలి. వంకర చెట్లు, జబ్బు చెట్లు, అణగారిన చెట్లు తీసేయండి. పలచన చేసిన ఏడాదే ఫలితం కనిపించదు. మిగిలిన చెట్లు కొమ్మలు పరుచుకోవడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది కాబట్టి, గాటు మొదలుపెట్టే ఏడాదికి అంత ముందుగానే ఈ పని జరగాలి.

నేల, వాన, వేడి

రెజిన్ ప్రవాహాన్ని రోజువారీగా శాసించేది వేడి. సగటు ఉష్ణోగ్రత 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉన్న నెలలే అసలు సీజన్. 15 కంటే దిగితే రెజిన్ చిక్కబడి, నాళాల నోటి దగ్గరే గడ్డకడుతుంది. అందువల్ల ఉత్తరార్ధగోళంలో దక్షిణం వైపు వాలుగా ఉన్న కొండలు ఎక్కువ ఇస్తాయి. ఎత్తు పెరిగేకొద్దీ సీజన్ కురచవుతుంది. ఏడాది దిగుబడిని ఏ ప్రాంతంతోనైనా పోల్చాలంటే ముందు అక్కడ ఎన్ని గాట్లకు సరిపడా వెచ్చని రోజులున్నాయో లెక్కేయాలి.

నీటి సంగతి అంత సూటిగా ఉండదు. కొంచెం నీటి కొరత వచ్చినప్పుడు చెట్టు లావెక్కడం తగ్గిపోతుంది గానీ, ఆకుల్లో ఆహారం తయారవడం అంతగా తగ్గదు. మిగిలిన కార్బన్ రెజిన్‌కు మళ్లుతుంది. కాబట్టి వాన వెలిసి నేల మెల్లగా ఆరుతున్న వారాల్లో గాట్లు బాగా ఇస్తాయి. కరువు ముదిరితే మాత్రం ఆహారం తయారీ ఆగుతుంది, నాళాల్లో ఒత్తిడీ ఉండదు, దిగుబడి కూలిపోతుంది. అలాంటి కాలంలో గాట్లు ఆపేయాలి. అప్పుడు పెట్టిన గాటు వల్ల వచ్చే కొద్ది గ్రాముల కంటే, బలహీనపడిన చెట్టుకు బెరడు పురుగు పట్టే ప్రమాదమే పెద్దది.

రోజులో నాళాల ఒత్తిడి తెల్లవారుజామున ఎక్కువగా ఉండి, ఆకులు నీరు వదిలే మధ్యాహ్నానికి తగ్గుతుంది. రోజూ గాటు పెట్టే పద్ధతుల్లో ఇది ముఖ్యం. రెండు వారాలకోసారి పెట్టి మందు పూసే పద్ధతిలో గంటల తేడా మొత్తం తూకాన్ని పెద్దగా మార్చదు.

ఎరువుల విషయంలో తొందరపడి ఆశ పెట్టుకోకండి. నత్రజని వేస్తే చెట్టు ముందు ఎదుగుతుంది. ఆ ఏడాదే రెజిన్ పెరుగుతుందని చెప్పలేం. గుబురూ లావూ పెరగడం వల్ల వచ్చే లాభం తర్వాతి ఏళ్లలో అందుతుంది.

పద్ధతి ఎంపిక

వాడుకలో ముఖ్యంగా నాలుగున్నాయి. బెరడును అడ్డంగా పట్టీలా తీసి, మందు పూసి, గాటును పైకి జరుపుతూ పోయే బెరడు పద్ధతి. నిలువు కాలువకు రెండు వైపులా 45 డిగ్రీల ఏటవాలుగా, కలపలోకి 2 మి.మీ. లోతున సన్నని గీతలు గీసే రిల్ పద్ధతి, ఇది చిర్ పైన్‌కు వాడతారు. మందు లేకుండా దాదాపు రోజూ 'వి' ఆకారపు గాటు పెడుతూ కిందికి దిగే చైనా పద్ధతి. చివరిది, రంధ్రం చేసి మూసిన సంచిలోకి పట్టే పద్ధతి. చైనా పద్ధతికి మనుషులు ఎక్కువ కావాలి, కలపా ఎక్కువ తెగుతుంది. మందు వాడని రెజిన్ కావాలంటే తప్ప కొత్తవాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు. కింద వివరంగా చెప్పేది బెరడు పద్ధతి. కలపను కోయదు కాబట్టి చెట్టు ఎక్కువ కాలం తట్టుకుంటుంది, పని త్వరగా నేర్చుకోవచ్చు.

గాటు పెట్టడం: వరస

సీజన్‌కు మూడు నాలుగు వారాల ముందు, ముఖం, అంటే గాట్లు వరసగా పడే చెట్టు భాగం, పెట్టబోయే చోట గరుకు బెరడును గీకి నున్నగా చేయండి. లోపలి ఎర్రని పలుచని పొర మిగలాలి. తెల్లని కలప కనిపించిందంటే ఎక్కువ గీకినట్టే. ముఖాన్ని నేల నుంచి 15 నుంచి 20 సెం.మీ. ఎత్తులో మొదలుపెట్టండి. వాలు నేలలో అయితే డబ్బా నిలిచే వైపు, చెట్టు కాస్త వాలి ఉంటే రెజిన్ గాలిలోకి జారిపోకుండా ముఖానికే అంటుకుని దిగే వైపు చూసుకోండి. ఎండ తగిలే వైపు కొంచెం మెరుగు గానీ, డబ్బా సరిగా నిలబడటం దానికంటే ముఖ్యం.

ముఖం వెడల్పు చుట్టుకొలతలో మూడో వంతు మించకూడదు. సులువు లెక్క: ముఖం వెడల్పు చెట్టు వ్యాసమంత. 28 సెం.మీ. వ్యాసమున్న చెట్టు చుట్టుకొలత 88 సెం.మీ., ముఖం 28 లేదా 29 సెం.మీ. అంతకంటే వెడల్పు చేస్తే రెజిన్ కొంత పెరుగుతుంది కానీ, ఆకుల నుంచి దిగే ఆహారానికి మిగిలే బెరడు దారి సన్నబడుతుంది. 35 సెం.మీ. దాటిన చెట్టుకు రెండు ముఖాలు పెట్టవచ్చు. వాటి మధ్య రెండు వైపులా కనీసం 10 సెం.మీ. బతికున్న బెరడు ఉండాలి. రెండు ముఖాలు పెడితే దిగుబడి పెరుగుతుంది, రెట్టింపు మాత్రం కాదు, ఎందుకంటే రెండింటికీ ఆహారం పెట్టేది ఒకే గుబురు.

తర్వాత, కారే రెజిన్ను డబ్బాలోకి మళ్లించే రేకు. జింకు పూత రేకు గానీ అల్యూమినియం రేకు గానీ 5 సెం.మీ. వెడల్పున కోసి, కొద్ది వాలుతో, ముఖం అడుగున బెరడులోకి దిగేలా బిగించండి. రేకు కలపలోకి లోతుగా దిగకూడదు. చెట్టుకూ రేకుకూ మధ్య సందు ఉంటే రెజిన్ వెనకనుంచి కారిపోతుంది. ఈ నష్టం పైకి కనిపించదు, అందుకే మొదటి గాటు తర్వాత రేకు కింద వేలు పెట్టి జిగురు ఉందేమో చూడండి. పూత లేని ఇనుము వాడకండి. మందులోని ఆమ్లం దాన్ని తినేసి, ఆ ఇనుము రెజిన్‌లో కలిసి రోజిన్ రంగును నల్లబరుస్తుంది. డబ్బా ఒకటిన్నర నుంచి 2 లీటర్లది చాలు. మేకులు రెండు తలలవి అయితే తీయడం తేలిక. చెట్టులో ఉండిపోయిన మేకు రేపు రంపం పళ్లు విరగ్గొడుతుంది.

ఇక గాటు. పదునైన లాగుడు కత్తితో, అంచు చెట్టుకు అడ్డంగా ఉంచి, 2 నుంచి 2.5 సెం.మీ. ఎత్తున్న బెరడు పట్టీని ముఖం వెడల్పంతా తీసేయండి. లోతు సరిగ్గా కలప పైపొర దాకా. బెరడు నారలు ఎర్రగా మిగిలిన చోట నాళాల నోళ్లు తెరుచుకోవు, ఆ భాగం ఎండిపోయినట్టే ఉంటుంది. మరీ లోతుగా పోతే నిలువు నాళాలు తెగి ఆ రోజు ప్రవాహం బాగానే కనిపిస్తుంది. కానీ ఆ ముఖం పైభాగం దెబ్బతిని, తర్వాతి నెలల్లో లెక్క తిరగబడుతుంది. మొద్దుబారిన కత్తి నోళ్లను కోసే బదులు నలిపి మూసేస్తుంది. ప్రతి కొన్ని చెట్లకోసారి సాన పెట్టడం గాటులో భాగమే అనుకోండి.

పట్టీ ఎత్తు 2 సెం.మీ. కంటే తగ్గితే ఇంకో ఇబ్బంది. కిందటి సారి పూసిన ఆమ్లం గాటు పైఅంచు మీదుగా ఎక్కి కొంత భాగాన్ని చంపేసి ఉంటుంది. కొత్త గాటు ఆ చచ్చిన భాగం దాటి బతికున్న బెరడులోకి పోవాలి. లేకపోతే మందు పూసినా చుక్క రాదు. గోధుమరంగు అంచు దాటి తెల్లని తడి కలప కనిపించేదాకా తీయడమే గుర్తు. 3 సెం.మీ. కంటే ఎక్కువ తీస్తే మాత్రం ముఖం వృథాగా అయిపోతుంది.

ఎన్ని రోజులకోసారి? మందు వాడితే 14 నుంచి 18 రోజులు. 15 రోజులకోసారి 8 నెలలు పెడితే ఏడాదికి 16 గాట్లు, గాటుకు 2.5 సెం.మీ. చొప్పున ముఖం 40 సెం.మీ. ఎక్కుతుంది. 20 సెం.మీ. దగ్గర మొదలై 180 సెం.మీ. దాకా పోవడానికి నాలుగేళ్లు. వారానికోసారి పెడితే మొదటి ఏడాది రెజిన్ ఎక్కువ వస్తుంది గానీ ఒక్కో గాటు తూకం తగ్గుతుంది, కూలి రెట్టింపవుతుంది, ముఖం రెండేళ్లలో తీరిపోతుంది. తోటను నాలుగైదేళ్లలో నరికేసే పథకం ఉంటే తప్ప అలా తొందరపెట్టడం సరికాదు. ముఖం పైకి ఎక్కే ప్రతి సెంటీమీటరుకు ఎన్ని గ్రాములు వచ్చాయన్నదే అసలు కొలత.

సీజన్ ఇంకా పూర్తిగా వెచ్చబడక ముందే, చలి వెళుతున్న వారాల్లో ఒక సన్నని మొదటి గాటు పెట్టి వదిలేయండి. దానివల్ల వచ్చే రెజిన్ కొద్దే. కానీ అసలు సీజన్ మొదలయ్యేసరికి చెట్టు కొత్త నాళాలు కట్టడం మొదలుపెట్టి ఉంటుంది.

మందు: ఏమి పూయాలి, ఎంత

సల్ఫ్యూరిక్ ఆమ్లం చేసేది ఒకటే పని. నాళాల చుట్టూ ఉన్న మెత్తని కణాలను కరిగించి, నోళ్లు త్వరగా మూసుకోకుండా ఆపుతుంది. అది చెట్టుతో కొత్తగా రెజిన్ చేయించదు. ఎథెఫాన్ అనే మరో రసాయనం పని వేరు. మొక్క కణాల్లో అది విడిపోయి ఎథిలీన్ వదులుతుంది, ఆ సంకేతానికి చెట్టు కొత్త నాళాలు కట్టి రెజిన్ తయారీ పెంచుతుంది. అందుకే ఈ రెండింటినీ కలిపి వాడతారు. ఒకప్పుడు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో 50, 60 శాతం ఆమ్లం వాడేవారు. ఎథెఫాన్ కలిపితే 18 నుంచి 25 శాతం ఆమ్లంతో సరిపోతుంది, చెట్టుకూ మనిషికీ హాని తక్కువ.

20 శాతం ఆమ్లం, 3 శాతం ఎథెఫాన్ ఉన్న కిలో ద్రావణానికి లెక్క ఇదీ: నీరు 719 గ్రాములు, 98 శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లం 204 గ్రాములు అంటే సుమారు 111 మిల్లీలీటర్లు, 39 శాతం ఎథెఫాన్ ద్రావణం 77 గ్రాములు. ముందు మందమైన పాలిథిన్ పాత్రలో నీరు పోయాలి. దాంట్లోకి ఆమ్లాన్ని సన్నని ధారగా, కలుపుతూ పోయాలి. ఆమ్లంలోకి నీరు పోస్తే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది, కళ్లు పోతాయి. కలిపిన ద్రావణం చాలా వేడెక్కుతుంది. పూర్తిగా చల్లారాకే ఎథెఫాన్ కలపండి. తర్వాత జల్లించిన తవుడు గానీ మెత్తని రంపపు పొట్టు గానీ కలిపి, సీసా నొక్కితే తీగలా వచ్చి కారిపోకుండా నిలిచేంత చిక్కగా చేయండి. పొట్టు కలిపాక శాతాలు కాస్త తగ్గుతాయి, అది లెక్కలో ఉంచుకోండి. ఎథెఫాన్ ఆమ్లంలో ఉన్నంతసేపే చెడకుండా ఉంటుంది. క్షారం తగిలితే పాత్రలోనే విడిపోయి ఎథిలీన్ అంతా గాలిలో కలుస్తుంది. కాబట్టి సోడాతో కడిగిన సీసాలను మంచినీళ్లతో బాగా తొలిచాకే మళ్లీ నింపండి.

పూయాల్సిన చోటు గాటు పైఅంచు, అంటే బతికున్న బెరడు, తెల్లని కలప కలిసే గీత. 4 నుంచి 5 మి.మీ. మందాన ఒకే తీగగా, తెగకుండా. గాటు మొత్తం మీద పూస్తే మందు వృథా, రెజిన్‌లో ఆమ్లం ఎక్కువ. గాటు పెట్టిన వెంటనే పూయాలి. రెజిన్ పేరుకున్నాక పూస్తే మందు కలపకు అంటదు. ఆరు గంటల లోపల గట్టి వాన వస్తుందనిపిస్తే ఆ రోజు పని మానేయండి.

కళ్లద్దాలు, మోచేతి దాకా రబ్బరు తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. నీళ్ల క్యాను ప్రతి పనివాడి దగ్గరా ఉండాలి. చర్మం మీద పడితే వెంటనే ధారగా నీళ్లు పోయాలి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు కడుగుతూ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. వంట సోడా నేల మీద, పనిముట్ల మీద ఒలికిన ఆమ్లానికే, కంటికి కాదు.

కారినది డబ్బా దాకా చేర్చడం

ముఖం ఏటేటా పైకి పోతుంది, డబ్బా మాత్రం చాలా తోటల్లో మొదటి ఏడాది చోటే ఉండిపోతుంది. మూడో ఏటికి రెజిన్ ఒక మీటరు దూరం ముఖం మీద పాకాలి. దారిలోనే టర్పెంటైన్ ఆవిరై, తెల్లగా గడ్డకట్టి ముఖానికి అంటుకుంటుంది. చెట్టు దిగుబడి తగ్గిందని అనుకునే సందర్భాల్లో సగం ఇదే. ప్రతి సీజన్ మొదట రేకునూ డబ్బానూ పైకి జరిపి, గాటుకు 50 సెం.మీ. లోపే ఉంచండి. సీజన్ చివర ముఖం మీది గడ్డను గీకి విడిగా పోగుచేయండి. అందులో టర్పెంటైన్ తక్కువ కాబట్టి డబ్బా సరుకుతో కలపకూడదు.

డబ్బా సరుకును ఎండాకాలంలో రెండు వారాలకోసారి, మిగతాప్పుడు నెలకోసారి తీయండి. పైన నిలిచిన వాన నీటిని వంచేసి, రాలిన సూదులూ (పైన్ ఆకులు) బెరడు ముక్కలూ ఏరేయాలి. పీపా లోపల ప్లాస్టిక్ పూత ఉండాలి, మూత గాలి చొరకుండా బిగియాలి, నీడలో ఉంచాలి. మూత తెరిచి వదిలిన పీపాలోంచి పోయేది ఖరీదైన భాగమే.

రంధ్రం పద్ధతి ఈ నష్టాన్నే తప్పిస్తుంది. నేలకు దగ్గరగా, 2.5 సెం.మీ. వ్యాసంతో 10 నుంచి 15 సెం.మీ. లోతు రంధ్రం చేస్తారు. నోరు కిందికి, లోపలి కొన పైకి ఉండేలా కాస్త వాలు ఇవ్వాలి, లేకపోతే రెజిన్ లోపలే నిలిచిపోతుంది. రంధ్రం చెట్టు నడిమికి గురిపెట్టకుండా పక్కగా పోవాలి, అప్పుడే చేవ కట్టని బయటి కలపలో ఎక్కువ నాళాలు తెగుతాయి. లోపల మందు చల్లి, గొట్టం బిగించి, దానికి సంచి కడతారు. గాలి తగలదు కాబట్టి రెజిన్ పారదర్శకంగా, టర్పెంటైన్ నిండుగా వస్తుంది. మొదటి పెట్టుబడి, డ్రిల్లు నిర్వహణ ఎక్కువ. సరుకు నాణ్యతకు ప్రత్యేకంగా డబ్బు ఇచ్చే కొనుగోలుదారు ఉంటేనే ఇది లాభం.

కొలవకుండా ఏదీ మార్చవద్దు

కొత్త మందు గానీ కొత్త వ్యవధి గానీ ప్రయత్నించాలంటే ఒక్కో రకానికి కనీసం 30 చెట్లు తీసుకోండి. చెట్టుకూ చెట్టుకూ తేడా అంత ఎక్కువ కాబట్టి ఐదారు చెట్ల మీద చూసింది నమ్మదగ్గది కాదు. రెండు గుంపుల్లోనూ లావు చెట్లూ సన్న చెట్లూ సమానంగా పడాలి. నీరు వంచేశాక 10 గ్రాముల కచ్చితత్వమున్న కొక్కెం తాసుతో తూచి, గాటు వారీగా రాయండి. ముఖాల వెడల్పు వేరు కాబట్టి తూకాన్ని వెడల్పుతో భాగించాలి. 29 సెం.మీ. ముఖం గాటుకు 180 గ్రాములు ఇస్తే సెంటీమీటరుకు 6.2 గ్రాములు. అదే చెట్టు 16 గాట్లకు ఏడాదికి 2.88 కిలోలు. మొదటి మూడు గాట్లను లెక్కలోంచి వదిలేసి, నాలుగో గాటు నుంచి పోల్చండి.

ఎక్కడ చెడుతుంది

*ముఖంలో ఒక పక్కే కారుతోంది.* రెండో పక్క బెరడు పూర్తిగా లేవలేదు, లేదా మందు తీగ తెగింది. చెట్టు తప్పేమీ ఉండదు.

*తోటంతా ఒకేసారి పడిపోయింది.* ముందు వాతావరణం చూడండి, తర్వాత మందు వయసు చూడండి. ఎండలో ఉంచిన మందు, గట్టిగా మూత పెట్టని సీసా, కొత్త పాత్రలో తప్పిన లెక్క, ఈ మూడింటిలో ఒకటై ఉంటుంది.

*ఒక్క చెట్టు ముఖం పూర్తిగా ఎండిపోయింది.* గాటు పైన బెరడు నొక్కి చూడండి. లోపల గోధుమరంగుగా, పొడిగా ఉంటే ఆ భాగం చచ్చింది. గాఢత ఎక్కువైన ఆమ్లం, కరువులో ఆపని గాట్లు, మరీ వెడల్పు ముఖం దీనికి కారణాలు. ఆ చెట్టును కనీసం ఒక సీజన్ వదిలేయండి. తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఇంకో వైపు కొత్త ముఖం పెట్టాలి, పాతదాని మీద గాఢమైన మందు వేస్తే చావు పైకి పాకుతుంది.

*ముఖానికి దూరంగా, బెరడు మీద చిన్నచిన్న రెజిన్ ముద్దలు, కింద ఎర్రని పొడి.* బెరడు పురుగు తొలుస్తోంది. ఆకుల రంగు మారేదాకా ఆగకండి. ఆ చెట్టునూ చుట్టుపక్కల చెట్లనూ గాట్ల నుంచి తప్పించండి. పురుగు బాగా పట్టిన చెట్టును పిల్ల పురుగులు బయటికి ఎగరకముందే నరికి తోట బయటికి చేర్చాలి. వాడిన కత్తిని మరో చెట్టుకు పెట్టేముందు శుభ్రం చేయండి.

*తూకం బాగుంది, రోజిన్ రంగు చెడింది.* పూత పోయిన రేకులు, తుప్పు మేకులు, ముఖం గీకిన సరుకు కలవడం, బెరడు చెత్త, వీటిలో ఒకటి.

ఎండిన సూదుల నేల మీద రెజిన్ పూసిన ముఖం ఉంటే చిన్న మంట కూడా చెట్టును లోపలి దాకా కాల్చేస్తుంది. సీజన్ మొదలవక ముందే ప్రతి చెట్టు చుట్టూ ఒక మీటరు మేర చెత్త ఊడ్చి నేల బయటపెట్టండి. మధ్యలో సూదులు మళ్లీ రాలి పరుచుకుంటే ఇంకోసారి ఊడ్చాలి. గాటు పెట్టేటప్పుడు రాలిన బెరడు తునకలకు రెజిన్ అంటి ఉంటుంది కాబట్టి వాటినీ ఆ మీటరు బయటికి లాగేయండి.